శిక్షగా రౌండ్లు కొట్టించకుండా టీమ్‌ని దారిలో పెట్టడం ఎలా

ఇది స్కూల్ పీఈటీ సార్లకి, మేడమ్‌లకి, కాలేజీ పీడీలకి, సాయంత్రాలు సొంతంగా అకాడమీ నడుపుకునే కోచ్‌లకి రాస్తున్నాను. లేటుగా వచ్చాడా, పది రౌండ్లు. సర్వీస్ నెట్‌కి తగిలిందా, ఐదు రౌండ్లు. నిన్న మ్యాచ్ ఓడిపోయారా, ఇవాళ బాల్ ముట్టుకునేది లేదు, గంటసేపు పరుగే. మన గ్రౌండ్లలో ఇది ఎంత మామూలైపోయిందంటే దీన్ని శిక్ష అని కూడా ఎవరూ అనుకోరు, "కొట్టలేదు కదా, పరిగెత్తించాం, ఒంటికి మంచిదేగా" అంటారు. బెత్తం పోయింది, దాని చోట్లోకి రౌండ్లు వచ్చి కూర్చున్నాయి. పరుగు ఎంత, ఎవరికి, ఎప్పుడు అన్నది ప్రాక్టీస్ మొదలవకముందే కాగితం మీద తేలిపోవాలి, కోపం వచ్చిన నిమిషంలో నోటికి తగిలిన అంకె పిల్లల కాళ్ల మీద పడకూడదు. నేను చెప్పేది ఇంతే. మిగతా క్రమశిక్షణంతా పరుగు లేకుండానే నడుస్తుంది.

అసలు రౌండ్లు ఏం నేర్పుతాయో చూద్దాం

కబడ్డీనే తీసుకోండి. ఒక రైడ్ 30 సెకన్లు. మగపిల్లల మ్యాచ్ అయితే ఇరవై నిమిషాల హాఫ్‌లు రెండు, మధ్యలో ఐదు నిమిషాల విశ్రాంతి. ఆ 30 సెకన్లలో రైడర్ ఆగుతాడు, ఊరిస్తాడు, ఒక్కసారిగా కాలు చాపుతాడు, మెలి తిరిగి మిడ్‌లైన్‌కి దూకుతాడు. 400 మీటర్ల ట్రాక్ మీద పది రౌండ్లంటే 4 కిలోమీటర్లు, ఒకే వేగంతో, తల వంచుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ. ఈ రెండింటికీ ఎక్కడా పోలిక లేదు. పైగా ఆ 4 కిలోమీటర్లు అయ్యాక వాడిని కోర్టులోకి పిలిచి యాంకిల్ హోల్డ్ నేర్పుదామంటే కాళ్లలో సత్తువ ఉండదు, అలసిన ఒంటితో తప్పుగా చేసిందే మళ్లీ మళ్లీ చేసి అదే అలవాటు చేసుకుంటాడు. అంటే ఆ రోజు ప్రాక్టీస్ మీరే పాడు చేసుకున్నట్టు.

ఇంకో నష్టం పైకి కనిపించదు. ప్రాక్టీస్ చివర్లో రౌండ్లు పడొచ్చని తెలిసిన పిల్లలు ఒంట్లో శక్తి దాచుకుంటారు. మీరు "సోమరితనం" అంటున్నదాంట్లో సగం ఇదే, వాళ్లు తెలివిగా లెక్క వేసుకుంటున్నారు. లేటయితే రౌండ్లు అని తెలిస్తే పది నిమిషాలు లేటయిన పిల్లవాడు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతాడు, మర్నాడు జ్వరం వచ్చిందంటాడు. మోకాలు నొప్పి అని చెబితే "నాటకాలాడకు, ఇంకో రెండు రౌండ్లు" అంటారన్న భయంతో ఆ నొప్పినీ దాచేస్తాడు, అది లిగమెంట్ దాకా వచ్చాకగానీ మీకు తెలియదు. తెలుగు మాస్టారు అల్లరి చేసినవాడితో పోతన పద్యం వందసార్లు రాయిస్తే వాడికి జన్మలో పోతన మీద ప్రేమ పుడుతుందా? పరుగూ అంతే. ఆటగాడి జీవితమంతా పరుగు మీదే నడవాలి, దాన్ని మీ చేతులతో మీరే వాడికి చేదు చేస్తున్నారు.

ఇక ఒకడు తప్పు చేస్తే టీమ్ అందరికీ రౌండ్లు వేయడం అన్నిటికన్నా చెడ్డది. "టీమ్ స్పిరిట్ వస్తుంది" అంటారు. హాస్టల్ ఉన్న చోట రాత్రి ఏం జరుగుతుందో వెళ్లి చూడండి. పగలు మీరు వేసిన రౌండ్ల కసిని మిగతా పదకొండు మందీ ఆ ఒక్కడి మీద తీర్చుకుంటారు. వాడు ఆట మానేస్తాడు, కొన్నిసార్లు చదువే మానేస్తాడు.

ప్రాణం మీదకి ఎలా వస్తుంది

ఇది బెదిరించడానికి చెప్పట్లేదు, కానీ తెలియాలి. 2008 ఆగస్టులో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో మాక్స్ గిల్పిన్ అనే 15 ఏళ్ల హైస్కూల్ పిల్లవాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాడు, ఎండలో వరసగా స్ప్రింట్లు కొడుతూ కూలిపోయాడు, మూడు రోజులకి ఆసుపత్రిలో చనిపోయాడు. ప్రాక్టీస్‌లో సరిగా కష్టపడలేదని జట్టుకి శిక్షగా ఆ పరుగు పెట్టించారన్నది ప్రాసిక్యూషన్ వాదన. కోచ్ మీద క్రిమినల్ కేసు నడిచింది, 2009లో జ్యూరీ నిర్దోషి అంది. కేసు కొట్టేశారు కదా అని ఊరట పడేవాళ్లుంటే ఆ తల్లిదండ్రుల వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి.

2018 మే నెలలో మేరీల్యాండ్ యూనివర్సిటీ ఆటగాడు జోర్డన్ మెక్‌నేర్, 19 ఏళ్లవాడు, 110 గజాల స్ప్రింట్లు కొడుతూ వడదెబ్బ లక్షణాలతో పడిపోయాడు. అది శిక్ష కూడా కాదు, మామూలు కండిషనింగే. చన్నీళ్లలో ముంచి ఒళ్లు చల్లార్చలేదు, గంట దాటాకగానీ ఎమర్జెన్సీకి ఫోన్ వెళ్లలేదు. జూన్ 13న చనిపోయాడు. తప్పు మాదేనని యూనివర్సిటీ ఒప్పుకుంది, హెడ్ కోచ్ ఉద్యోగం పోయింది. ట్రైనర్లు, పరికరాలు అన్నీ ఉన్న చోట ప్లాన్ ప్రకారం పెట్టిన పరుగులోనే ఇలా జరిగిందంటే, ఏప్రిల్ ఎండలో కోపంతో "నేను ఆపమనేదాకా పరిగెత్తు" అన్న మాట ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి. శిక్ష పరుగుకి హద్దు ఉండదు. పిల్లవాడు ఆగితే పొగరు అనుకుంటాం, తూలితే నటన అనుకుంటాం. ఒళ్లు "ఇక వద్దు" అని చెప్పే ప్రతి గుర్తునీ శిక్ష వేసేవాడు తప్పుగానే చదువుతాడు, అసలు ప్రమాదం అక్కడుంది.

మన రెండు రాష్ట్రాలకి ఇంకో సంగతి బాగా దగ్గరది. 2006లో టెక్సాస్‌లోని రైస్ యూనివర్సిటీలో డేల్ లాయిడ్ అనే 19 ఏళ్ల ఆటగాడు 100 గజాల స్ప్రింట్లు పదహారు కొట్టాక కూలిపోయి మర్నాడు చనిపోయాడు. అతనికి సికిల్ సెల్ ట్రెయిట్ ఉంది, అంటే సికిల్ సెల్ అనే రక్తం జబ్బు లేదు, దాని జీన్ ఒకటి మాత్రం ఉంది. ఆ కుటుంబం పోరాడాక 2010 నుంచి అక్కడి పెద్ద కాలేజీ జట్లలో చేరేవాళ్లకి సికిల్ సెల్ పరీక్ష వచ్చింది. మన పాడేరు, అరకు, రంపచోడవరం, ఉట్నూరు, ఆసిఫాబాద్, భద్రాచలం వైపు గిరిజన కుటుంబాల్లో ఈ జీన్ ఉన్నవాళ్లు ఉన్నారు, 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. గిరిజన గురుకులాల్లో పనిచేసే పీఈటీలు ఎవరి కార్డులో ఏముందో ఏఎన్ఎమ్‌ని అడిగి తెలుసుకోండి, తెలుసుకున్నది మీ దగ్గరే ఉంచుకోండి. ట్రెయిట్ ఉన్న పిల్లల్ని ఆట నుంచి తీసేయక్కర్లేదు, హాయిగా ఆడొచ్చు. కానీ ఊపిరి తిప్పుకోనివ్వకుండా వరస స్ప్రింట్లు పెట్టకూడదు, ఎంత సేపు ఆగాలో వాళ్లనే చెప్పుకోనివ్వాలి. "సార్, కాళ్లు రావట్లేదు" అని మాట్లాడుతూనే కూలబడితే అది కండరం పట్టేయడం అనుకుని లేపి పరిగెత్తించకండి, వెంటనే ఆపి 108కి ఫోన్ చేయండి.

చట్టం మాట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించింది. బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాల్లో గోడ కుర్చీ వేయించడం కూడా శారీరక శిక్షే. 18 ఏళ్లలోపు పిల్లలు ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్లు ఆ పిల్లల్ని హింస పెడితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. "పరుగు ఎక్సర్‌సైజే కదా" అన్న వాదన ఒక పిల్లవాడు ఐసీయూలో ఉన్న రోజున ఎవరూ వినరు.

మరి ఏం చేయాలి

సీజన్ మొదట్లో, జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి నాలుగైదు నియమాలు వాళ్లతోనే చెప్పించి చార్టు మీద రాయించండి. నాలుగైదు చాలు. పాతిక రాస్తే మీకే గుర్తుండవు. ప్రతి నియమం పక్కనా అది తప్పితే ఏమవుతుందో కూడా రాయించండి. ఆ "ఏమవుతుందో" అన్నది తప్పుకి సంబంధం ఉన్నదై ఉండాలి, ఆటగాడికి నిజంగా తగిలేదై ఉండాలి. ఆటగాడికి అన్నిటికన్నా తగిలేది ఆడే సమయం పోవడం. రౌండ్లు కొట్టేసి నవ్వుకుంటూ వచ్చే మొండి పిల్లవాడు కూడా బెంచ్ మీద ఒక హాఫ్ కూర్చుంటే విలవిల్లాడతాడు.

లేటుగా వచ్చే సంగతి. ముందు కారణం అడగండి, అందరి ముందూ కాదు, పక్కకి పిలిచి. ఆర్టీసీ బస్సు ఆ టైమ్‌కి లేకపోవచ్చు, హాస్టల్లో టిఫిన్ లేటవుతుండొచ్చు, ఆడపిల్లయితే ఇంట్లో నీళ్లు పట్టి పాత్రలు తోమిగానీ బయటికి పంపకపోవచ్చు. వార్డెన్‌తో మీరు మాట్లాడితే పదిహేను మంది సమస్య ఒక్కసారే తీరిపోతుంది. కారణం లేకుండా లేటయితే మాటలు ఇలా ఉంటే చాలు:

"సార్, లేటయింది."

"చూశాన్రా. పూర్తిగా వార్మప్ చేసుకునిరా, తొందరపడకు. ఇవాళ మ్యాచ్‌లో సెకండ్ హాఫ్‌లోనే దిగుతావు."

"సార్, ఒక్కసారికి వదిలేయండి సార్..."

"చార్టు మీద రాసింది నువ్వేగా. రేపు టైమ్‌కి రా, మొదటి రైడ్ నీదే."

అంతే, అరుపు లేదు, ఉపన్యాసం లేదు. రేపు వాడు టైమ్‌కి వస్తే మొదటి రైడ్ ఇవ్వడం మాత్రం మర్చిపోకండి. అది మర్చిపోతే చార్టు మొత్తం విలువ పోతుంది. కెప్టెన్ లేటయినా ఇదే, జిల్లా జట్టుకి ఆడినవాడు లేటయినా ఇదే. మంచి ఆటగాడికి మినహాయింపు ఇచ్చిన రోజునే మిగతావాళ్లకి చార్టు మీద నమ్మకం పోతుంది.

ఆటలో తప్పు చేస్తే అసలు శిక్షే అక్కర్లేదు. ఇది నాకు చాలా గట్టి అభిప్రాయం. వాలీబాల్‌లో సర్వీస్ నెట్‌కి తగిలిందంటే వాడు కావాలని తగిలించలేదు. బాల్ ఎగరేసిన చెయ్యి పక్కకి పోయిందా, కొట్టే ముందు మోచెయ్యి కిందకి దిగిపోయిందా చూసి ఒక్క వాక్యంలో చెప్పండి, అవతల కోర్టులో ఒక టవల్ పరిచి దాని మీద పడేలా ఐదు సర్వీసులు చేయించండి. కబడ్డీలో రైడర్ బాక్ లైన్ (అవతలి కోర్టులో రైడర్ దాటి తీరాల్సిన గీత) దాటకుండానే తిరిగొచ్చేస్తున్నాడంటే అవతలి కార్నర్‌కి భయపడుతున్నాడని అర్థం, ఇద్దరు డిఫెండర్లనే పెట్టి అదే రైడ్ మళ్లీ చేయించండి, ఆ తర్వాత మూడో డిఫెండర్‌ని దింపండి. అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుని 12 ఏళ్లలో పదిసార్లు జాతీయ ఛాంపియన్‌గా నిలబెట్టిన జాన్ వుడెన్ ప్రాక్టీసుల్ని 1974-75 సీజన్లో ఇద్దరు సైకాలజిస్టులు కూర్చుని, ఆయన అన్న ప్రతి మాటా రాసుకున్నారు. నూటికి 75 దాకా ఎలా చేయాలో చెప్పే మాటలే. పొగడ్తలూ తక్కువే, తిట్లూ తక్కువే. మీ ప్రాక్టీస్ ఒక పావుగంట ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, అందులో పిల్లలకి పనికొచ్చే సమాచారం ఎంతుందో మీకే తెలుస్తుంది.

పిల్లలు మనసు పెట్టి ఆడట్లేదనిపిస్తే సాధారణంగా డ్రిల్ ఎక్కువసేపు సాగిందని అర్థం. పన్నెండేళ్ల పిల్లలు ఒకే పని ఇరవై నిమిషాలు చేయలేరు. ఆపండి, నీళ్లు తాగనివ్వండి, అదే పనిని పాయింట్లు పెట్టి పోటీగా మార్చండి. "ఓడినవాళ్లకి రెండు రౌండ్లు" అనడం చాలామందికి నోట్లో మాట. దాని బదులు గెలిచినవాళ్లకి ఏదైనా ఇవ్వండి: తర్వాతి గేమ్ ఏదో వాళ్లే ఎంచుకుంటారు, లేదా శనివారం జట్లు వాళ్లే విడగొడతారు. ఇంత చిన్నదానికి పిల్లలు ఎంత కొట్టుకుంటారో చూస్తే మీకే ముచ్చటేస్తుంది.

బూతులు తిట్టుకోవడం, కొట్టుకోవడం, చిన్నవాళ్లని ఏడిపించడం, ఇవి వేరే. ఇక్కడ మెత్తగా ఉండక్కర్లేదు. వెంటనే ఆట నుంచి తప్పించి నీడలో మీ పక్కనే కూర్చోబెట్టండి, చల్లారాక ఒంటరిగా మాట్లాడండి, తారీఖు వేసి రిజిస్టర్లో రాయండి. రెండోసారి అయితే ఒక మ్యాచ్‌కి దూరం, మూడోసారి ఇంటివాళ్లని పిలవడం. ఎవరిని తిట్టాడో వాడికి క్షమాపణ చెప్పాలి. పది రౌండ్లు కొట్టేస్తే లెక్క తీరిపోయిందనుకుంటాడు, వాడు చేసిన పని గురించి ఆలోచించే పనే ఉండదు.

పరుగు కావాలి, అది వేరేగా పెట్టండి

రౌండ్లు ఆపేస్తే పిల్లలకి దమ్ము తగ్గిపోతుందని చాలామంది కోచ్‌లకి టెన్షన్. తగ్గదు, సరిగ్గా పెడితే పెరుగుతుంది. కబడ్డీకైతే 30 సెకన్లు గట్టిగా, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా ఆరుసార్లు. వారానికి రెండు రోజులు చాలు, పిల్లలు తట్టుకుంటే రెండు వారాలకోసారి ఒక్కటి పెంచండి. ఇవాళ ఎన్ని అన్నది ప్రాక్టీస్‌కి ముందే బోర్డు మీద రాయండి. రాసినదానికి కోపంలో ఒక్కటి కూడా కలపకండి. ఎవరు ఆగినా ఎందుకని నలుగురిలో అడగకండి, నీడలోకి పంపి తర్వాత కనుక్కోండి. ఎండ దృష్ట్యా పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం ఐదు దాటాక. వేసవి సెలవుల తర్వాత వచ్చిన పిల్లలకి ఒళ్లు ఎండకి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రెండు వారాలూ తేలిగ్గా నడపండి. పావుగంటకోసారి నీళ్లు, ఎవరికి దాహం వేస్తే వాళ్లు అడక్కుండా వెళ్లి తాగొచ్చు. నీళ్లు ఆపడాన్ని శిక్షగా వాడే కోచ్ ఎవరైనా మీకు తెలిస్తే దయచేసి హెడ్‌మాస్టర్‌కి చెప్పండి, అది చాడీ చెప్పడం కాదు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి జరుగుతుంది కాబట్టి గ్రౌండ్ పక్కన పెద్ద ప్లాస్టిక్ టబ్బో డ్రమ్మో, నాలుగు దుప్పట్లో పాత చీరలో, దగ్గరలో ఐస్ దొరికే కొట్టు నంబరు పెట్టుకోండి. పిల్లవాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఊరికే కోపగించుకుంటున్నా వడదెబ్బ అనే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు, ఆటలో వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. చంకలో థర్మామీటర్ పెట్టి చూసి తేల్చుకోకండి, అది తక్కువ చూపిస్తుంది. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు పిల్లవాడిని మెడ దాకా చన్నీళ్లలో కూర్చోబెట్టాలి, తల నీళ్లలోకి పోకుండా ఒకరు వెనక నుంచి చంకల కింద పట్టుకోవాలి. టబ్బు లేకపోతే ఒళ్లంతా తడి దుప్పట్లు కప్పి ఆపకుండా నీళ్లు పోస్తూ ఉండాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే చూస్తూ కూర్చోకూడదు, మొదటి అరగంటలో చల్లార్చడమే ప్రాణం నిలబెడుతుంది. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి. ఇంకోటి: బాగా కష్టపెట్టిన రోజో మర్నాడో మూత్రం కోలా రంగులో వస్తోందని ఎవరైనా చెబితే అది కండరాలు చితికి కిడ్నీల మీద పడుతున్న గుర్తు, ఆ రోజే ఆసుపత్రికి పంపండి. గుంజీళ్లు వందల్లో తీయించినా ఇదే వస్తుంది. పిల్లలు సిగ్గుపడి చెప్పరు, ఈ సంగతి మీరే ముందుగా వాళ్లకి చెప్పి ఉంచాలి.

తల్లిదండ్రులతో, సీనియర్లతో

"సార్, మావాడికి కాస్త భయం పెట్టండి, ఇంట్లో మాట వినట్లేదు" అని తండ్రే వచ్చి అంటాడు. వాళ్ల దగ్గర వాదన పెట్టుకోకండి. "భయం నేను పెడితే నేనున్నంతసేపే ఉంటుందండీ. వాడికి మ్యాచ్‌లో చోటు కావాలి, దానికోసం ఏం చేయాలో వాడికి తెలుసు, చార్టు చూడండి" అని చార్టు ముందుకి తీసుకెళ్లండి. చాలామంది అక్కడితో ఒప్పుకుంటారు. పాతకాలం కోచ్‌లు "దండం దశగుణం భవేత్, మేమూ అలాగే తయారయ్యాం" అంటారు. వాళ్లని గౌరవంగానే అడగండి, మీతో పాటు మొదలుపెట్టినవాళ్లలో ఎంతమంది మధ్యలో మానేశారండీ అని. నిలబడ్డవాళ్లు మనకి కనిపిస్తారు, మానేసినవాళ్లు కనిపించరు.

ఇప్పటిదాకా రౌండ్లతోనే నడిపిన టీమ్ అయితే ఒక సోమవారం చూసి పిల్లలకి చెప్పేయండి: "ఇకనుంచి పరుగు ట్రైనింగ్‌కే, శిక్షకి లేదు." మొదటి రెండు వారాలు వాళ్లు మిమ్మల్ని పరీక్షిస్తారు, కావాలనే లేటుగా వస్తారు, గోల పెరుగుతుంది. అక్కడ గొంతు పెంచకుండా చార్టు మీద ఉన్నది ఉన్నట్టు అమలు చేస్తూ పోండి, నెలలోపు సర్దుకుంటుంది. మీరు లేనప్పుడు సీనియర్లు జూనియర్ల చేత రౌండ్లు కొట్టించడం కాలేజీల్లో ఎక్కువ, అది ర్యాగింగే. శిక్ష వేసే అధికారం కెప్టెన్‌కి లేదని జూనియర్ల ముందే, సీనియర్లు వింటుండగా చెప్పండి. ఏదైనా జరిగితే ఫోన్ చేయమని మీ నంబరు అక్కడే ఇచ్చేయండి.